ఆహారశుద్ధి పొయ్యి దగ్గర ఆగిపోదు

ఆహారశుద్ధిని గురించి ఇప్పుడు వినిపించే ఉపదేశం దాదాపు ఒకే మూసలో ఉంటున్నది. ఇంట వండినది సాత్త్వికం, వెలుపల కొన్నది తామసం. కావున సాధకుడు భోజనశాల గడప తొక్కరాదు. వినుటకు ఇది సుకరమైన సూత్రం. పాటించుటకు మరింత సుకరం, ఎందుకనగా పాటించే పురుషుడు ఇందులో చేయవలసిన పని ఏదీ లేదు. నియమం ఆయనది, శ్రమ మరొకరిది. రాత్రి ఎనిమిది గంటలకు "నేను బయటి తిండి ముట్టను" అని గృహస్థుడు పలుకుతాడు. ఆ వ్రతాన్ని నిజంగా ఆచరించేది, అప్పుడే కార్యాలయం నుండి వచ్చి, ముఖమైనా కడుగకుండా కుక్కరు పెట్టే ఇల్లాలు. ఒకరి తపస్సుకు మరొకరు సమిధ కావడాన్ని ఏ శాస్త్రం తపస్సు అన్నది?

ఇంటి వంటను తక్కువ చేయాలని ఈ వ్యాసం వ్రాయడం లేదు. భోజనశాలల పక్షాన వకాల్తా పుచ్చుకొనే ఉద్దేశమూ లేదు. అన్నాన్ని గురించి శాస్త్రం అడిగిన ప్రశ్నలు అనేకం. వాటన్నిటినీ ప్రక్కకు నెట్టి "ఎక్కడ వండారు?" అనే ఒక్కదానినే మనం మిగుల్చుకున్నాము. ఈ సంకోచం భక్తికి శోభ కాదని, దీనివలన గృహంలో ఒక అన్యాయం ధర్మం వేషంలో చెలామణి అవుతున్నదని నా వాదం.

ఆచార్యులు చెప్పినదేమి?

ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయంలో సనత్కుమారుడు నారదునికి భూమవిద్యను బోధించి, చివర సాధనక్రమాన్ని చెబుతాడు. ఆహారం శుద్ధమైతే అంతఃకరణం శుద్ధమవుతుంది. అందువలన స్మృతి స్థిరపడుతుంది. స్మృతి నిలిచినప్పుడు హృదయగ్రంథులు విడిపోతాయి. ఆహారనియమాన్ని ప్రబోధించేవారందరూ ఈ వాక్యాన్నే ప్రమాణంగా చూపుతారు. దీనికి శంకరభగవత్పాదులు చేసిన వ్యాఖ్యానాన్ని మాత్రం తరచుగా చూపరు. భోక్త తన అనుభవం కొరకు లోనికి గ్రహించే శబ్దాది విషయజ్ఞానమే ఇక్కడ ఆహారమని, రాగద్వేషమోహాలు అంటకుండా గ్రహించడమే దాని శుద్ధి అని వారి భాష్యం. భగవద్రామానుజులు శ్రీభాష్యంలో వాక్యకారుని అనుసరించి, సాధనసప్తకంలో మొదటిదైన వివేకాన్ని అన్నపరంగా వివరించారు. అన్నానికి దోషం మూడు విధాల కలుగుతుంది. పదార్థ స్వభావం చేత కలిగేది జాతిదోషం. అన్నం ఎవరి నుండి వచ్చినదో వారిని బట్టి కలిగేది ఆశ్రయదోషం. ఎంగిలి, వెంట్రుక, ధూళి వంటి వాటి సంపర్కం చేత కలిగేది నిమిత్తదోషం.

ఇద్దరు ఆచార్యుల మార్గాలు వేరు. అయినా గడపకు లోపల ఉన్నదంతా శుద్ధమని, వెలుపల ఉన్నదంతా అశుద్ధమని ఇద్దరిలో ఎవరూ విభజించలేదు. శంకరుల దృష్టితో చూస్తే, ఇంటి విస్తరి ముందు కూర్చుని టీవీ చర్చలలోని దూషణలను వింటూ ముద్ద మింగేవాడు ఆ పూట అశుద్ధాహారాన్నే స్వీకరించాడు. రామానుజుల దృష్టితో చూస్తే, మూడు దోషాలూ ఇంటనూ ఉండవచ్చు, వెలుపలనూ ఉండవచ్చు, ప్రతిసారీ పరీక్షించుకోవలసిందే. పరీక్షకు ఓపిక కావాలి. ఆ ఓపిక లేక మనం చిరునామా చూసి తీర్పు చెబుతున్నాము.

యాతయామం ఎవరి ఇంట ఉన్నది?

గీత పదిహేడవ అధ్యాయంలో భగవానుడు తామసాహార లక్షణాలను చెబుతూ మొదట యాతయామాన్ని పేర్కొన్నాడు. వండిన తరువాత ఒక యామం, అనగా మూడు గంటలు, గడిచినదని లోకంలో ప్రసిద్ధమైన అర్థం. శంకరులు దానిని సరిగా ఉడకనిదని వ్యాఖ్యానించారు. రసహీనమైనది, దుర్గంధం పట్టినది, రాత్రి గడిచి నిలువ ఉన్నది, ఎంగిలి అయినది కూడా ఆ జాబితాలోనివే. ఈ కొలతబద్దను చేతబట్టి ముందుగా మన ఇంటి ఫ్రిజ్ తలుపు తీయాలి. ఆదివారం చేసిన సాంబారు బుధవారం దాకా, వారానికి సరిపడా ఒకేసారి నూరి పెట్టిన అల్లం వెల్లుల్లి ముద్ద, మూడవసారి వెచ్చబెట్టిన పప్పు, దుకాణంలో కొని తెచ్చిన ఇడ్లీ పిండి. వీటన్నిటికీ "ఇంటి భోజనం" అనే ఒక్క పేరుతో సాత్త్వికత్వం దానంతట అది వచ్చి చేరదు.

మన పట్టణాలలో వీధికొకటిగా వెలసిన కర్రీ పాయింట్లు ఈ విభజనను ఇంకా చిత్రంగా మార్చాయి. అన్నం ఇంట ఉడుకుతుంది. కూర, పప్పు, చారు సంచులలో వస్తాయి. మడి కట్టుకున్నంత నిష్ఠగా బయటి తిండిని నిందించే ఇళ్ళలోనూ సాయంకాలం ఆ సంచులు కనిపిస్తాయి. అది ఇంటి భోజనమా, బయటి భోజనమా? ప్రశ్నే తప్పు. ఆ కూర ఎప్పుడు వండినది, ఏ నూనెలో వేగినది అన్నదే అడుగవలసిన ప్రశ్న.

బయటి వంటలో దోషం లేదని దీని తాత్పర్యం కాదు. కాచిన నూనెనే మరల మరల కాచడం భోజనశాలలలో చిరకాల వ్యాధి. అందుకే నూనెలో పోలార్ సమ్మేళనాలు 25 శాతం మించితే దానిని వాడరాదని దేశీయ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం చేసింది. 2018 జూలై 1 నుండి అది అమలులోకి వచ్చింది. అదే నూనె మన వంటింటి బాణలిలో, నిన్నటి గారెల తరువాత నేటి బజ్జీలకు మిగిలి ఉంటే, దానిని కొలిచేవారు ఎవరూ రారు. దోషం దోషమే. మన ఇంట జరిగినంత మాత్రాన అది గుణం కాజాలదు.

ఆశ్రయదోషం అనే అస్త్రం

"ఎవరు వండారో, ఏ మనస్సుతో వండారో తెలియదు గదా!" అన్నది బయటి భోజనంపై తరచుగా వచ్చే ఆక్షేపణ. ఇందులో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. వాటిని విడదీయాలి.

"ఎవరు వండారో" అనే మాట చాటున కొందరు అడిగేది కులం. దానిని ఆహారశుద్ధి అనే పట్టుబట్టలో చుట్టి అడుగుతారు. కౌశికుడనే తపస్వి ధర్మసూక్ష్మాలను తెలుసుకొనుటకు మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుని వద్దకు వెళ్ళి చేతులు జోడించి విన్నాడని మహాభారతం చెబుతున్నది. జ్ఞానం కొరకు అంతదూరం వంగిన సంప్రదాయం మనది. వంటవాని పుట్టుకను ఆరా తీసి, తన నాలుకనూ క్రోధాన్నీ ఆరా తీయనివాడు ఆ సంప్రదాయానికి వారసుడు కాడు.

"ఏ మనస్సుతో వండారో" అన్నది మాత్రం సరియైన ప్రశ్న. వండేవారి భావం అన్నంలోకి వస్తుందని మనం విశ్వసిస్తున్నాము. ఆ విశ్వాసం నిజమైతే దానిని చివరిదాకా నడిపించాలి. పదిగంటలు బయట పనిచేసి, పిల్లల పాఠాలు చూసి, అత్తమామల మందులు అందించి, ఒంటరిగా పొయ్యి ముందు నిలిచిన స్త్రీ మనస్సు ఎట్లుంటుంది? నడుము నొప్పితో తిప్పిన గరిటె, మింగుకున్న మాట, బయటికి రాని కన్నీరు ఆ కూరలో కలవవా? కలుస్తాయని ఒప్పుకుంటే ఆశ్రయదోషం మన ఇంటి విస్తరిలోనే ఉన్నది. పైగా ఆ దోషానికి కర్త వండిన ఆమె కాదు. ఆమెను ఆ స్థితిలో నిలిపి, చేయి అందించక, విస్తరి ముందు కూర్చుని ఉప్పు చాలలేదన్నవాడు.

శేషం తినవలసినది ఎవరు?

గీత తృతీయాధ్యాయం అన్నవిషయంలో మరింత కఠినమైన మాట చెప్పింది. యజ్ఞశేషాన్ని భుజించే సజ్జనులు పాపాల నుండి విముక్తులవుతారు. తమ కొరకే వండుకొనేవారు తినేది పాపమే. ఇంటిలో వండడం పుణ్యమని ఆ శ్లోకం అనలేదు. పాపం అంటేది ఇంటి వంటకే, అది కేవలం స్వార్థం కొరకైనప్పుడు. ధర్మశాస్త్రం ఇంకా ముందుకు వెళ్ళి, పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్ళకుండ అనే అయిదింటిని గృహస్థుని పంచసూనలుగా, అయిదు హింసాస్థానాలుగా చెప్పింది. ఇంటి పొయ్యి స్వతఃశుద్ధం కాదు గనుకనే ప్రతిదినం పంచమహాయజ్ఞాలు విధించబడ్డాయి. పితరులకు, దేవతలకు, భూతాలకు, అతిథులకు భాగం పెట్టిన తరువాతనే ఆ వంట గృహస్థునికి భోజ్యమవుతుంది.

ఆ భోజనక్రమాన్ని మనుస్మృతి తృతీయాధ్యాయంలో చూడండి. కొత్త కోడళ్ళకు, కన్యలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకన్నా ముందే, సంకోచించకుండా పెట్టాలని ఆదేశం. తరువాత అతిథులు, పోష్యవర్గం, సేవకులు. అందరూ తిన్న పిమ్మట మిగిలినది దంపతులు భుజించాలి. అక్కడి క్రియాపదం ద్వివచనంలో ఉన్నది. శేషం తినవలసినది భార్య ఒక్కతే అని లేదు. భర్తకూ అదే శేషం. భార్యతో కలిసి భుజించరాదన్న నిషేధం నాలుగవ అధ్యాయంలో ఉన్నది కదా అని కొందరు అడుగుతారు. ఉన్నది. అయితే అది సహభోజనాన్ని గురించిన మాట; భర్తకు అగ్రభోజనాధికారం ఇచ్చిన మాట కాదు. యజమాని ముందు తిని, చేయి కడిగి, తాంబూలం నమలుతుండగా ఇల్లాలు అడుగంటిన అన్నం, చారు నీళ్ళతో సరిపెట్టుకునే ఆచారానికి ఈ క్రమంలో ఆధారం కనిపించదు. దానిని మనం ఏర్పరచుకొని, శాస్త్రం నెత్తిన పెట్టాము.

ఇది గతించిన కాలపు ముచ్చట అనుకోరాదు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, వేతనం లేని ఇంటిపనులలో పాల్గొన్న స్త్రీలు దినానికి సగటున 299 నిమిషాలు వాటికి వెచ్చించారు; పాల్గొన్న పురుషులు వెచ్చించినది 97 నిమిషాలు. అసలు పాల్గొన్నవారు స్త్రీలలో 81.2 శాతం కాగా పురుషులలో 26.1 శాతం మాత్రమే. 2019-21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తహీనతకు కారణాలు అనేకం ఉన్నవి; ఒక్క అలవాటుపై ఆ భారమంతా మోపలేము. కాని అన్నపూర్ణ అని ఎవరిని పిలుస్తున్నామో వారిలో సగానికి పైగా రక్తం చాలక ఉన్నప్పుడు, "మా ఇంట సాత్త్వికాహారమే" అని చెప్పుకోవడానికి నోరు ఎట్లా వస్తుంది? పదిహేడవ అధ్యాయంలోనే, ఆహారభేదాలు చెప్పిన మూడు శ్లోకాల తరువాత, అన్నం పంచని యజ్ఞాన్ని భగవానుడు తామసమన్నాడు. వండినామెకు చాలినంత దక్కని వంట ఏ గుణానికి చెందుతుందో వేరే చెప్పాలా?

పూటకూటి ఇంటి వారసత్వం

వెల ఇచ్చి తినడం పాశ్చాత్యుల నుండి వచ్చిన వ్యసనమని కొందరి భావన. తెలుగునాట ఇది సత్యం కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు నగరపు పూటకూటి ఇల్లు వర్ణించబడింది. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక రూకకు శ్రేష్ఠమైన అన్నం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్ళు, గడ్డపెరుగు లభించేవని ఆ కావ్యం చెబుతున్నది. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ వితంతువు. అండలేని స్త్రీ పొయ్యినే ఆధారం చేసుకొని బ్రతికిన కాలానికి ఆమె గుర్తు. ఈనాడు వీధి చివర నలుగురికి పప్పు, కూర, చారు, మజ్జిగ వడ్డించే మెస్‌లు ఆ పరంపరలోనివే. అనేకచోట్ల అది ఒక కుటుంబం జీవనాధారం. తల్లి వండితే కొడుకు వడ్డిస్తాడు.

వెల పుచ్చుకోని వంట సంగతి మరొక మెట్టు. కోనసీమలో లంకల గన్నవరం గ్రామంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) గోదావరి దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టారు. ఆమె ఇంట తిన్నవారికి అది "బయటి తిండే" గదా! తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం, 2011లో ప్రారంభమైన తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం, దినమూ వేలాది భక్తులకు అన్నం పెడుతున్నవి. అక్కడ వంటవారి పేరు ఎవరూ అడుగరు. పెద్ద గంగాళాలలో ఉడికిన ఆ అన్నాన్ని కళ్ళకద్దుకొని తింటారు. పరాయి చేతి వంట దానంతటదే అశుద్ధమైతే ప్రసాదమనే మాటకే చోటు ఉండదు.

ప్రీతి, ఆపద

మరి ఎప్పుడు వెలుపల భుజించాలి, ఎప్పుడు కూడదు? ఇందుకు ఇతిహాసం స్పష్టమైన ప్రమాణాన్ని ఇచ్చింది. రాయబారిగా హస్తినకు వచ్చిన శ్రీకృష్ణుని దుర్యోధనుడు విందుకు పిలిచాడు. పరుల అన్నాన్ని ప్రీతి ఉన్నప్పుడు తినాలి, లేదా ఆపదలో ఉన్నప్పుడు తినాలి. నీకు ప్రీతి లేదు, మేము ఆపదలో లేము అని స్వామి నిరాకరించి విదురుని ఇంట భుజించాడు. రాజభవనపు వంటలో పదార్థలోపం ఏదీ ఆయన ఎన్నలేదు. చూసినది పెట్టేవాని హృదయాన్ని, తినేవాని అవసరాన్ని.

ఛాందోగ్యం ప్రథమాధ్యాయంలోని ఉషస్తి కథ దీనికి తోడు. పంటలు నాశనమైన కురుదేశంలో ఆకలికి తాళలేక ఆయన ఒక మావటివాడు తింటున్న ఉలవలను యాచించి, ఆ ఎంగిలినే తీసుకున్నాడు. మావటి నీళ్ళు కూడా ఇవ్వబోతే, అది ఎంగిలి అని వద్దన్నాడు. ఉలవలు ఎంగిలి కావా అని అతడు అడిగితే, అవి తినకపోతే ప్రాణం నిలిచేది కాదు, నీళ్ళు కోరినచోట దొరుకుతాయి అని సమాధానం. తాను తిన్నాక మిగిలినవి భార్య కొరకు తీసుకువెళ్ళాడు. ఆమె వాటిని దాచి ఉంచితే, మరునాటి ఉదయం ఆ నిలువ ఉలవలనే తిని రాజు చేసే యజ్ఞానికి వెళ్ళి, అక్కడి ఋత్విజులకు తత్త్వం బోధించాడు. అవసరానికీ కోరికకూ మధ్య గీత ఎక్కడ గీయాలో ఆ ఋషికి తెలుసు. అది పదార్థం మీద గీసిన గీత కాదు, మనస్సులో గీసినది.

ఈ ప్రమాణంతో చూడండి. ఆసుపత్రిలో రోగికి తోడుగా ఉన్నవాడు, ఊరు విడిచి గదిలో చదువుకునే విద్యార్థి, రాత్రి పాళీ ముగించిన కార్మికుడు మెస్‌లో తింటే అది ఆపద్భోజనం. వారిని తామసులనడం పాపం. మరి ఇంట అలసిన ఇల్లాలి స్థితి ఆపద కాదా? ఆమె జ్వరంతో పొయ్యి వెలిగించినా మన నియమం నిలిస్తే చాలునా? ఆ రాత్రి ఆమెను కూర్చోబెట్టి భర్త అన్నం వండడం ఉత్తమం. అది చేతకాకపోతే వీధి చివరి మెస్ నుండి నాలుగు చపాతీలు తేవడం మధ్యమం. నియమం పేరిట ఆమె చేతనే వండించుకొని తినడం అధమం.

వినోదభోజనం

ఇంతవరకు చదివి, "అయితే రోజూ బయట తినవచ్చు" అని సంతోషించేవారికి ఒక మాట. ఉషస్తి నీళ్ళు వద్దన్న సంగతి మరువకండి. ఆకలి లేకపోయినా విసుగు తీరడానికి, జిహ్వకు కొత్తదనం కొరకు, ఛాయాచిత్రం తీసి పదిమందికి చూపడానికి చేసే భోజనంలో ప్రీతి లేదు, ఆపద లేదు. చేతిలోని ఫోనులో ఒకే ఇంట నలుగురు నాలుగు చోట్ల నుండి నాలుగు వంటకాలు తెప్పించుకొని, నాలుగు గదులలో తింటే, తిండి ఉన్నది గాని పంక్తి లేదు. అడిగి తెప్పించి సగం వదలివేయడం అన్ననింద. అన్నాన్ని నిందించరాదని, అన్నాన్ని సమృద్ధం చేయాలని, ఇంటికి వచ్చినవానిని కాదనరాదని తైత్తిరీయ భృగువల్లి వ్రతాలు విధించింది. ఆ వ్రతాలకు ఇల్లని, భోజనశాలని భేదం లేదు.

భోజనశాలలో వడ్డించేవానిని "ఏయ్" అని పిలిచి, ఎంగిలి బల్ల తుడిచే బాలుని వంక చూడక లేచిపోయేవాడు ఇంట ఎన్నిసార్లు పరిషేచనం చేస్తే ఏమి ఫలం? వైశ్వానరాగ్ని రూపంలో తానే ప్రాణుల దేహంలో ఉండి అన్నాన్ని పచనం చేస్తున్నానని భగవానుడు చెప్పాడు. ఆ వడ్డించేవాని కడుపులోనూ ఆ అగ్నియే ఉన్నది. మన విస్తరి లేచిన ఎంతసేపటికి అతడు తింటాడో ఒక్కసారి అడిగి చూడండి.

గృహస్థ సాధకులకు నా విన్నపం మూడు విషయాలలో ఉన్నది. మొదటిది, వంటింటిలో మీ వంతు పనిని నిత్యకర్మలో చేర్చుకోండి. సంధ్యావందనానికి సమయం దొరికినట్లే కూరలు తరగడానికి, అంట్లు తోమడానికి దొరుకుతుంది. అది చేయని వానికి ఆహారనియమాన్ని ఇతరులకు విధించే అధికారం లేదు. రెండవది, మిగిలినది తినవలసి వస్తే ఆ శేషాన్ని మీరూ పంచుకోండి. ఇంట అందరి విస్తరిలో పడినది వండినామె విస్తరిలోనూ పడిందో లేదో చూడకుండా చేయి కడగకండి. మూడవది, వారానికి ఒక్క పూటైనా ఆ పొయ్యికి, దానిని నడిపేవారికి విశ్రాంతి ఇవ్వండి. ఆ పూట కుటుంబమంతా నడిచివెళ్ళి శుచిగా వండే పొరుగు మెస్‌లో ఒక వరుసలో కూర్చుని, భగవదర్పణం చేసి, మెతుకు వదలకుండా తిని, వడ్డించినవారికి నమస్కరించి రండి. నియమభంగం జరిగిందని ఎవరైనా అంటే, ఆ రాత్రి మీ ఇంట వండినది ఎవరు, చివర తిన్నది ఎవరు అని వారిని అడగండి.

శ్రీకృష్ణార్పణమస్తు.